స్వీట్ హోమ్ 3డీలో మొదటి గోడ గీయకముందే మార్చుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 150 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. చుట్టూ వదిలింది పోగా 25 × 36లో ఇల్లు కట్టుకోవాలి. ఇంజినీరు దగ్గరికి వెళ్ళేముందు మీ మనసులో ఉన్నది మీరే ఒకసారి గీసి చూసుకుందామని ఇంటి ప్లాన్ గీసే స్వీట్ హోమ్ 3డీ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో వేసుకున్నారు. అన్నీ సెంటీమీటర్లలో చూపిస్తోంది, గోడలు అట్టముక్కల్లా సన్నగా వస్తున్నాయి, ప్రతి గోడనూ తెరిచి మందం, ఎత్తు మార్చాల్సి వస్తోంది. ఒకచోట ఎత్తు మార్చినా ఇంతకుముందు గీసిన గోడలు మాత్రం మారడం లేదు. ఇదంతా ఒకేసారి సెట్ చేసే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

ఉంది. పది నిమిషాల పని. కాకపోతే ఏది ఎందుకు మారుస్తున్నామో తెలియకుండా నంబర్లు మార్చుకుంటూ పోతే మళ్ళీ ఇదే గొడవ. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఈ సాఫ్ట్‌వేర్ ఫ్రాన్స్‌లో పుట్టింది. ఎమాన్యుయెల్ ప్యూబరే అనే ఆయన జావాలో రాశాడు. ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడు అది తనంతట తాను పెట్టుకునే గోడ మందం 7.5 సెంటీమీటర్లు, ఎత్తు 250 సెంటీమీటర్లు. అంటే దాదాపు మూడు అంగుళాల గోడ, ఎనిమిది అడుగుల రెండు అంగుళాల చిల్లర ఎత్తు. అక్కడి ఫ్లాట్లలో గదికీ గదికీ మధ్య కట్టే పలుచటి గోడకు ఆ కొలత సరిపోతుంది. మన దగ్గర మూడంగుళాల గోడ మీద స్లాబ్ ఎవరూ వేయరు. ఎత్తు సంగతి చూసినా నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 ప్రకారం మనుషులు ఉండే గదికి నేల నుంచి సీలింగ్ దాకా కనీసం 2.75 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు ఉండాలి. మీరేమీ మార్చకుండా గీస్తే బొమ్మలో ఉన్న ఇల్లు ఆ లెక్కకే అందదు.

నేనూ మొదట్లో ఈ తప్పే చేశాను. మా బావ ఇంటికి ప్లాన్ గీసి, రంగుల్లో ప్రింట్ తీసి, గొప్పగా మేస్త్రి చేతిలో పెట్టాను. ఆయన కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఈ గోడ ఇటుకతో కట్టమంటావా, అట్టతో కట్టమంటావా?" అన్నాడు. మా బావ పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఏ పెళ్ళిలో కలిసినా ఆ మాటే.

నవ్వుల సంగతి వదిలేయండి, అసలు దెబ్బ కొలతల్లో తగులుతుంది. మీ 25 అడుగుల వెడల్పే తీసుకుందాం. ఒక చివర పడకగది, మధ్యలో బాత్‌రూమ్, ఇంకో చివర వంటగది అనుకోండి. ఆ వరసలో నాలుగు గోడలు అడ్డం వస్తాయి. బయటివి రెండు తొమ్మిదంగుళాలవి, లోపలివి రెండు నాలుగున్నరవి. మొత్తం 27 అంగుళాలు గోడలకే పోతుంది. 25 అడుగులంటే 300 అంగుళాలు, అందులో మిగిలేది 273, అంటే 22 అడుగుల 9 అంగుళాలు. పడకగదికి 10 అడుగులు, వంటగదికి 8 అడుగుల 9 అంగుళాలు ఇస్తే బాత్‌రూమ్‌కి సరిగ్గా 4 అడుగులు. ఇదే వరసను 7.5 సెంటీమీటర్ల గోడలతో గీస్తే గోడలకు పోయేది 12 అంగుళాలే. అప్పుడు స్క్రీన్ మీద బాత్‌రూమ్ 5 అడుగుల 3 అంగుళాలు కనిపిస్తుంది. ఇంకేం, వాషింగ్ మెషీన్ కూడా అందులోనే పట్టేస్తుందని మురిసిపోతాం. తీరా ముగ్గు పోసి పునాది తీసే రోజున ఆ 15 అంగుళాలు ఎక్కడికి పోయాయో ఎవరికీ అర్థం కాదు.

సరే, పనిలోకి వద్దాం. ఫైల్ మెనూలో ప్రిఫరెన్సెస్ ఉంటుంది. మ్యాక్‌లో అయితే సాఫ్ట్‌వేర్ పేరుతో ఉన్న మెనూలో చూడండి. అది తెరిస్తే మీరు వెతుకుతున్నవన్నీ ఒకే కిటికీలో కనిపిస్తాయి: యూనిట్, కొత్త గోడ మందం, కొత్త గోడ ఎత్తు, కొత్త అంతస్తు మందం, గ్రిడ్, రూలర్లు, మాగ్నెటిజం వగైరా. అక్కడ "కొత్త" అన్న మాట గమనించండి. మీ ప్రశ్నలో సగానికి జవాబు అందులోనే ఉంది. ఇక్కడ మార్చింది ఇకముందు గీయబోయే గోడలకే వర్తిస్తుంది. గీసేసిన గోడ తన కొలతను తనతోనే ఉంచుకుంటుంది. అందుకే మీ పాత గోడలు మారలేదు. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, దాని తీరే అంత.

మొదట యూనిట్ మార్చండి. అడుగులు, అంగుళాలకు అందులో ఒకటికి మించి రకాలున్నాయి. అంగుళాలను భిన్నాలతో చూపించేది ఎంచుకోండి. దశాంశాల్లో అడుగులు చూపించే రకం జోలికి మాత్రం పోవద్దు. ఎందుకో చెబుతాను. మన దగ్గర పది అడుగుల ఆరు అంగుళాలను కాగితం మీద 10.6 అని రాసే అలవాటు చాలామందికి ఉంది. మేస్త్రులు రాస్తారు, వడ్రంగులు రాస్తారు, నేనూ రాసేవాణ్ణి. మనుషుల మధ్య అది చెల్లిపోతుంది. కంప్యూటర్‌కి మాత్రం 10.6 అడుగులంటే 10 అడుగుల 7.2 అంగుళాలు. పది అడుగుల ఆరు అంగుళాలు కావాలంటే దానికి 10.5 అని చెప్పాలి. ఒక్కో గదికి అంగుళం పైచిలుకు తేడా వచ్చి, చివరికి మొత్తం కూడితే ఇల్లు స్థలంలో పట్టదు. భిన్నాల యూనిట్ పెట్టుకుని, ఎక్కడ కొలత రాసినా అడుగుల గుర్తు, అంగుళాల గుర్తు రెండూ వేసి 10'6" అని కొట్టడం అలవాటు చేసుకోండి. గోడ మందమైనా సరే, ఉత్తి 9 కాకుండా 9" అని కొట్టండి.

యూనిట్ గురించి ఇంకో మాట. ఇది మీ కంప్యూటర్‌కి సంబంధించిన సెట్టింగే కానీ ఫైల్‌కి సంబంధించింది కాదు. లోపల ఆ ఫైల్ ఎప్పుడూ సెంటీమీటర్లలోనే కొలతలు దాచుకుంటుంది. మీరు అడుగుల్లో గీసిన ఇంటిని అమెరికాలో ఉన్న మీ తమ్ముడికి పంపినా, మీటర్లలో పనిచేసే ఇంజినీరుకు పంపినా ఎవరి స్క్రీన్ మీద వారి యూనిట్ కనిపిస్తుంది. ఇల్లు మారదు. కాబట్టి "ఇప్పటికే సెంటీమీటర్లలో గీసేశాను, అంతా పాడైపోతుందేమో" అని టెన్షన్ పడకండి.

తర్వాత గోడ మందం. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది మీ ఇంటికి ఏ ఇటుక వాడుతున్నారన్నది. ఎర్ర ఇటుకైతే బయట తొమ్మిది, లోపల నాలుగున్నర అన్నది పాత లెక్క. సిమెంట్ ఇటుకలు, తేలికపాటి ఏఏసీ బ్లాకులు అయితే ఎనిమిది, ఆరు, నాలుగు అంగుళాల్లో దొరుకుతాయి. ఇప్పుడు పిల్లర్లు, బీములు వేసి కట్టే ఇళ్ళలో బయట కూడా ఎనిమిదో ఆరో పెట్టి సరిపెడుతున్నవాళ్ళు ఉన్నారు. ఇందులో ఏది మంచిదన్న చర్చ ఇక్కడ వద్దు, మీ మేస్త్రినో ఇంజినీరునో అడిగి ఆ అంకె వేయండి. ప్లాస్టరింగ్ లోపల అర అంగుళం, బయట ముప్పావు అంగుళం దాకా పడుతుంది. మొదటి బొమ్మకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు కానీ, బాత్‌రూమ్, అల్మారా గూడు లాంటి బిగువైన చోట్ల రెండు పక్కలా టైల్స్‌తో కలిపి రెండు అంగుళాలు పోయినట్టే అనుకోండి.

అసలు తిరకాసు ఏమిటంటే, కొత్త గోడ మందం అన్న గడి ఒక్కటే ఉంది. మనకు కావాల్సినవి రెండు మందాలు. బయటి గోడకు వేరు, లోపలి గోడకు వేరు అని విడిగా పెట్టుకునే వీలు ఈ సాఫ్ట్‌వేర్‌లో లేదు. డబ్బు పెట్టి కొనే చీఫ్ ఆర్కిటెక్ట్ లాంటి వాటిలో ఉంది. అందులో ఎడిట్ మెనూ కింద డీఫాల్ట్ సెట్టింగ్స్ అని పెద్ద పట్టికే ఉంటుంది, బయటి గోడ, లోపలి గోడ, తలుపు, కిటికీ దేనికది విడివిడిగా. పైగా అవి ఆ ప్లాన్ ఫైల్‌లోనే ఉంటాయి. మీరు గీయబోయేది ఒక్క ఇల్లు కాబట్టి దాని ఖర్చు మీకు దండగని నా అభిప్రాయం. మనకు ఉన్నదాంతోనే నేను చేసే పద్ధతి చెబుతాను: ప్రిఫరెన్సెస్‌లో 9" పెట్టి ముందు బయటి గోడలన్నీ చుట్టూ గీసేస్తాను. అది పూర్తయ్యాక మళ్ళీ ప్రిఫరెన్సెస్ తెరిచి 4½" చేసి లోపలి గోడలు గీస్తాను. అదే కిటికీలో కొత్త గోడ గీతల తీరు కూడా ఉంటుంది. మందం మార్చినప్పుడల్లా దాన్ని కూడా మారుస్తాను. బయటి గోడలకు ఒక రకం గీతలు, లోపలి వాటికి ఇంకో రకం. ప్లాన్ చూడగానే ఏది ఏ గోడో తెలిసిపోతుంది, పొరపాటున బయట నాలుగున్నర పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

గోడ ఎత్తు 10' పెట్టండి. మన ఇళ్ళకు పది అడుగులు మామూలు. పదిన్నర కట్టుకునేవాళ్ళూ ఉన్నారు. ఎత్తు తప్పుగా ఉంటే ప్లాన్‌లో ఏ తేడా తెలియదు, 3డీలో మాత్రం బయటపడుతుంది. మన లింటెల్, అంటే తలుపులు, కిటికీల మీద వేసే అడ్డ దూలం, ఏడు అడుగుల దగ్గర ఉంటుంది. దాని మీద అటక. పదడుగుల గదిలో అటక మీద మూడు అడుగుల చోటు ఉంటుంది, పాత బిందెలు, పెళ్ళినాటి సూట్‌కేసులు అన్నీ పడతాయి. 250 సెంటీమీటర్ల గదిలో అదే అటక మీద 14 అంగుళాలే మిగులుతుంది. ఒకావిడ తన ఇంటి 3డీ చూసి "అటక మరీ ఇరుకుగా ఉంది, తీసేద్దాం" అని నిర్ణయించుకుని, పడకగదిలో రెండడుగులు అదనంగా వార్డ్‌రోబ్‌కి కేటాయించారు. ఇరుకు ఇంటిది కాదు, సెట్టింగ్‌ది.

అంతస్తు మందం, అంటే స్లాబ్, 12 సెంటీమీటర్లు ఉంటుంది. మన ఐదంగుళాల స్లాబ్‌కి అది దగ్గరే. 5" అని మార్చేయండి, లెక్క తేలిగ్గా ఉంటుంది.

మెట్లు వేసుకునేవాళ్ళకు ఈ రెండు అంకెలూ ప్రాణం. మీరు పైన ఇంకో అంతస్తు అనుకుంటున్నానన్నారు కాబట్టి చెబుతున్నాను. పది అడుగుల గోడ, ఐదంగుళాల స్లాబ్ కలిపితే 125 అంగుళాలు ఎక్కాలి. మెట్టు ఎత్తు ఏడంగుళాల దగ్గర పెట్టుకుంటే 18 మెట్లు. అదే సాఫ్ట్‌వేర్ ఇచ్చిన 250, 12 సెంటీమీటర్లను నమ్ముకుంటే 103 అంగుళాలు, 15 మెట్లతో అయిపోతుంది. మూడు మెట్లు తేడా. ఒక్కో మెట్టు పది అంగుళాల వెడల్పు అనుకుంటే 30 అంగుళాల పొడవు. మెట్ల గది అంత చిన్నదిగా గీసి, పక్కన పూజగది పెట్టేసుంటారు, తర్వాత దేవుణ్ణి జరపాలి. అన్నట్టు 18 అనగానే మీ మేస్త్రి ఒప్పుకోడు, బేసి సంఖ్య కావాలంటాడు. అప్పుడు 17 పెడితే మెట్టు ఎత్తు ఏడంగుళాల మీద ఇంకో అంగుళంలో మూడో వంతు, 19 పెడితే ఆరున్నర పైన. ఇంట్లో పెద్దవాళ్ళుంటే నేనైతే 19కే చోటు చూస్తాను.

ఈ మూడు నాలుగు అంకెలూ మార్చి ఓకే కొట్టాక అదే విండోలో గీయడం మొదలుపెట్టకండి. ఫైల్ మెనూలో న్యూ కొట్టి కొత్త ఇల్లు తెరవండి. ఇల్లు తెరిచిన క్షణాన ఉన్న గోడ ఎత్తును ఆ ఫైల్ తన దగ్గర గుర్తుపెట్టుకుంటుంది. పాత విండోలోనే కొనసాగితే తర్వాత పై అంతస్తు చేర్చినప్పుడు ఆ 250 మళ్ళీ తొంగిచూడొచ్చు. పై అంతస్తు చేర్చాక దాని వివరాల్లో నేల నుంచి ఎత్తు 10'5" అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. లేకపోతే అక్కడే దిద్దండి.

ఇక మీరు ఇప్పటికే గీసినదాని సంగతి. గోడలన్నీ ఒకేసారి ఎంచుకుని, ప్లాన్ మెనూలో గోడల మార్పు తెరిచి, ఎత్తు గడిలో 10' అని కొడితే అన్నీ ఒక్కసారే మారతాయి. ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. వేర్వేరు కొలతలున్న గోడలు ఎంచుకుంటే ఆ గడి ఖాళీగా కనిపిస్తుంది, కంగారుపడకండి. ఖాళీగా వదిలేసినది మారదు, నింపినదే మారుతుంది. ఎత్తు వరకు ఇది చక్కగా పనిచేస్తుంది. మందానికి మాత్రం ఒక చిక్కుంది. ఇందులో గోడకు ఆధారం దాని నడిమి గీత. మూడంగుళాల గోడను తొమ్మిది చేస్తే ఆ గీత అక్కడే ఉండి, గోడ బయటికి మూడంగుళాలు, లోపలికి మూడంగుళాలు ఉబ్బుతుంది. ఇల్లు మొత్తం బయటి కొలత ఆరంగుళాలు పెరుగుతుంది, ప్రతి గదీ ఆ పక్క మూడంగుళాలు తగ్గుతుంది. మీరు ఇప్పటికి గీసింది ఒక హాలు, రెండు గదులే అన్నారు కదా. తీసేసి మళ్ళీ గీయండి. అరగంట పడుతుంది, దిద్దుకుంటూ కూర్చుంటే పూట పడుతుంది.

నడిమి గీత అన్న విషయం కొత్తగా గీసేటప్పుడు కూడా గుర్తుండాలి. బయటి నుంచి బయటికి 25 అడుగులు కావాలంటే మీరు గీయాల్సిన గోడ పొడవు 25 కాదు, 24'3". రెండు పక్కలా నాలుగున్నర, నాలుగున్నర గోడ మందంలో సగం కలిస్తే 25 అవుతుంది. 36 అడుగులకు 35'3". గోడ గీస్తూ ఎంటర్ నొక్కితే పొడవు, కోణం, మందం కొట్టే గడులు వస్తాయి. మౌస్‌తో అంగుళం అంగుళం సర్దే తిప్పలు పడకుండా అక్కడే కొట్టేయండి.

మాగ్నెటిజం ఆన్‌లోనే ఉంచండి. అదుంటే గోడలు 15 డిగ్రీల లెక్కన తిన్నగా వస్తాయి, తలుపులు, కిటికీలు గోడను పట్టుకుని తమ మందాన్ని దానికి సరిపెట్టుకుంటాయి. కొందరు విసుగొచ్చి దాన్ని తీసేస్తారు, తర్వాత ప్రతి మూలా అర డిగ్రీ వంకరగా వస్తుంది. మీ స్థలం మూల నిజంగానే వంకరగా ఉంటే, విండోస్‌లో ఆల్ట్ నొక్కిపట్టుకుంటే ఆ కాసేపటికి అది వదిలేస్తుంది. గ్రిడ్, రూలర్లు మీ ఇష్టం. రికవరీ కోసం ఇన్ని నిమిషాలకోసారి దాచు అన్నది మాత్రం టిక్ పెట్టి ఐదు నిమిషాలు చేయండి. మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో మాకే తెలియదు.

తలుపులు, కిటికీలకు ప్రిఫరెన్సెస్‌లో ఏ గడీ లేదు. కేటలాగ్‌లో ఉన్న తలుపు దాని సొంత కొలతతో వస్తుంది, అది మన గుమ్మం కొలత కాదు. దీనికి నేను వాడే చిట్కా ఏమిటంటే, ఒక ఖాళీ ఇంటి ఫైల్‌ను మూసగా పెట్టుకున్నాను. అందులో ప్లాన్‌కి పక్కన ఒక వరసలో నాకు కావాల్సినవన్నీ సరైన కొలతల్లో నిలబెట్టి ఉంచాను: సింహద్వారం మూడున్నర × ఏడు, గది తలుపు మూడు × ఏడు, బాత్‌రూమ్ తలుపు రెండున్నర × ఏడు, నాలుగు × నాలుగు కిటికీ నేల నుంచి 3' ఎత్తులో, బాత్‌రూమ్ వెంటిలేటర్ రెండు × ఒకటిన్నర నేల నుంచి 5'6" ఎత్తులో. కిటికీ కింది ఎత్తు, కిటికీ ఎత్తు కలిపితే అన్నీ ఏడు అడుగుల లింటెల్ దగ్గర కలవాలి, లెక్క అంతే. కొత్త ఇల్లు మొదలుపెట్టినప్పుడు ఈ మూసను తెరిచి ముందుగా వేరే పేరుతో సేవ్ చేస్తాను, తర్వాత కావాల్సిన తలుపును కాపీ చేసి గోడ మీద పెడతాను. చివర్లో ఆ వరసను తుడిచేయడం మరవకండి. ఒకసారి నేను మరిచిపోతే, 3డీలో ఇంటి బయట రోడ్డు మీద ఆ తలుపులు, కిటికీలు బారుగా నిలబడి ఉన్నాయి.

మూస ఫైల్‌లోనే ఇంకో పని కూడా చేసుకోవచ్చు. ప్లాన్ మీద ఒక దిక్సూచి బొమ్మ ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే ఉత్తరం ఎటో, మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు ఏవో అడుగుతుంది. మన దేశం మొత్తానికి టైమ్ జోన్ ఒక్కటే కాబట్టి అది తనంతట మీ ఊరిని పట్టుకోలేదు, మీరే వేయాలి. హైదరాబాద్ అయితే 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. విజయవాడ అయితే 16.5, 80.6. ఫొటోలాంటి బొమ్మ తీసేటప్పుడు ఎండ ఏ కిటికీలోంచి ఎన్ని గంటలకు పడుతుందో ఇది దీని ప్రకారమే చూపిస్తుంది. మీది పడమర ముఖం ఇల్లు. మే నెల సాయంత్రం నాలుగింటికి హాల్లో ఎండ ఎంత లోపలికి వస్తుందో ముందే చూసుకుంటే సజ్జ ఎంత పెట్టాలో తెలుస్తుంది. ఈశాన్యం ఎటుందో ఇంట్లో అందరికీ చూపించడానికి కూడా ఇదే పనికొస్తుంది, లేకపోతే ప్లాన్ తిప్పి పట్టుకుని వాదనలు జరుగుతాయి. ఈ దిక్సూచి వివరాలు, 3డీలో ఆకాశం, నేల రంగులు ఫైల్‌తోనే ఉంటాయి. యూనిట్, గోడ మందం, ఎత్తు లాంటివి కంప్యూటర్‌తో ఉంటాయి. అంటే ఆఫీసు కంప్యూటర్‌లో మీ ఫైల్ తెరిచి గీయడం మొదలుపెడితే మళ్ళీ మూడంగుళాల గోడలే వస్తాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేసినా అంతే. నా టేబుల్ ముందు గోడకు ఒక చీటీ అంటించి ఉంటుంది: 9", 4½", 10', 5". కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతిసారీ మొదట చూసేది అదే.

అన్నీ పెట్టాక నిజంగా పట్టాయో లేదో ఇలా చూడండి. ప్రిఫరెన్సెస్‌లో మందం 9" ఉంచి, కొత్త ఇంటిలో లోపల పదికి పది వచ్చేలా ఒక గది గీయండి, అంటే ఒక్కో గోడ 10'9". గదులు గీసే పనిముట్టు తీసుకుని గది మధ్యలో డబుల్ క్లిక్ చేస్తే నేల పరుచుకుని విస్తీర్ణం కనిపిస్తుంది. 100 చదరపు అడుగులు చూపిస్తే అన్నీ సరిగ్గా ఉన్నట్టు. 85 చిల్లర చూపిస్తే గోడ పొడవు 10'9" బదులు 10' కొట్టారన్నమాట. 95 చూపిస్తే పొడవూ 10' కొట్టారు, మందం కూడా ఇంకా ఆ పాత మూడంగుళాలే. మళ్ళీ ప్రిఫరెన్సెస్ తెరవండి, ఓకే నొక్కకుండా మూసేసి ఉంటారు.